పోయిన పరపతి: స్పామ్ పంపిన మెయిల్ సర్వర్‌ను మళ్లీ దారిలో పెట్టడం

సొంత మెయిల్ సర్వర్ నడిపే కాలేజీలోనో, మధ్యతరహా కంపెనీలోనో సోమవారం పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. ఫీజు రసీదులు విద్యార్థుల జీమెయిల్‌కు చేరడం లేదు. కొనుగోలు ఆర్డరు పంపితే అవుట్‌లుక్ తిప్పికొట్టింది. అకౌంట్స్ సెక్షన్‌లో ఒకాయనకు తాను పంపని మెయిళ్ల మీద వందలకొద్దీ బౌన్సులు (చేరలేదని తిరిగొచ్చే మెయిళ్లు) వచ్చి పడ్డాయి. లాగ్ తెరిస్తే సంగతి బయటపడుతుంది. రెండో శనివారం, ఆదివారం కలిసొచ్చిన సెలవుల్లో, అర్ధరాత్రి దాటాక, ఆయన పాస్‌వర్డ్‌తోనే ఎవరో లాగిన్ అయి వేలమందికి మెయిళ్లు తోసేశారు. సర్వర్ గోడకు ఎవరూ కన్నం వేయలేదు. తాళంచెవి దొరికింది, తలుపు తీసుకునే లోపలికి వచ్చారు.

ఈ స్థితిలో చాలామంది ముందుగా బ్లాక్‌లిస్ట్ (స్పామ్ పంపే సర్వర్ల జాబితా) సైట్‌కు వెళ్లి తొలగింపు ఫారం నింపుతారు. నిజానికి అది చివర్లో చేయాల్సిన పని. క్యూలో (పంపడానికి వరుసలో ఉన్న మెయిళ్లలో) స్పామ్ ఇంకా కదులుతుండగా సర్వర్ ఐపీ చిరునామాను జాబితాలోంచి తీయిస్తే కొద్ది గంటల్లోనే మళ్లీ అందులోకే వెళుతుంది. రెండోసారి అడిగినప్పుడు అవతలివాళ్లు మొదటిసారంత తేలిగ్గా నమ్మరు. పరపతి ఫారంతో రాదు. సర్వర్ నుంచి కొన్ని రోజులపాటు మంచి మెయిల్ తప్ప మరేదీ బయటికి పోకపోతే వస్తుంది. ఫారం చేసేదల్లా ఆ రోజుల లెక్కను మొదలుపెట్టడమే.

ఇంకో అపోహ కూడా ఉంది. ‘మాకు ఎస్పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అన్నీ సరిగ్గా ఉన్నాయి కదా, మా పేరెందుకు పోయింది?’ అని అడుగుతుంటారు. అవి సరిగ్గా ఉన్నాయి కాబట్టే పోయింది. మెయిల్ నిజంగా ఈ డొమైన్ నుంచే వచ్చిందా అన్న ఒక్క ప్రశ్నకే ఆ మూడూ జవాబు చెబుతాయి: ఎస్పీఎఫ్ పంపే హక్కున్న సర్వర్ల జాబితా, డీకిమ్ సర్వర్ వేసే డిజిటల్ సంతకం, డీమార్క్ ఈ రెంటినీ బట్టి తీర్పు చెప్పే నియమం. దొంగిలించిన ఖాతా నుంచి పోయిన స్పామ్ నిజంగానే ఈ డొమైన్ నుంచి, ఈ ఐపీ నుంచి, సర్వర్ వేసిన అసలు సంతకంతోనే పోయింది. మూడు పరీక్షలూ పాసైంది. దాంతో ఆ నేరం ఐపీ ఖాతాలోనే కాదు, డొమైన్ ఖాతాలో కూడా పడింది. ‘కొత్త ఐపీ తీసుకుంటే సరిపోతుంది’ అనే సలహా అందుకే పనిచేయదు. కొత్త ఐపీకి పాత మచ్చ లేకపోవచ్చు కానీ మంచి చరిత్ర కూడా ఉండదు. డొమైన్ మీది మచ్చ మాత్రం వెంటే వస్తుంది.

ముందు కుళాయి కట్టాలి

ఇక్కడి వివరాలు మెయిల్ పంపే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు చూసుకునే డవ్‌కాట్, వెబ్‌మెయిల్ రౌండ్‌క్యూబ్ కలిపి నడిపే సర్వర్‌వి. చిన్న సంస్థల్లో ఎక్కువగా కనిపించే జోడింపు ఇదే. పోస్ట్‌ఫిక్స్ బదులు ఎగ్జిమ్ వాడేవారికి కమాండ్లు మారతాయి, క్రమం మారదు.

ఖాతాను గుర్తించడానికి లాగ్‌లో సాసల్ యూజర్‌నేమ్ (లాగిన్ అయిన ఖాతా పేరు) ఉన్న వరుసలన్నీ తీసి, ఖాతా పేరు వారీగా లెక్కపెట్టి, పెద్ద సంఖ్య పైకి వచ్చేలా పేర్చాలి. మామూలు రోజున మొదటి స్థానంలో ఉన్న ఖాతా 80 మెయిళ్లు పంపే చోట ఇప్పుడొకటి 6,000 చూపిస్తుంటే వెతుకులాట అక్కడితో అయిపోయినట్టే. అంత స్పష్టంగా తేలకపోతే అదే ఖాతాకు ఎన్ని వేర్వేరు క్లయింట్ ఐపీలు ఉన్నాయో చూడాలి. మనిషి అన్నవాడు ఆఫీసు నుంచి ఒకటి, ఇంటి నుంచి ఒకటి, ఫోన్ నుంచి నాలుగైదు ఐపీలతో వస్తాడు. ఒకే రాత్రి ఇరవై దేశాల నుంచి 300 ఐపీలతో రాడు.

మెయిళ్ల సంఖ్య ఒక్కటే చూస్తే మోసపోతాం. పోస్ట్‌ఫిక్స్ మామూలు సెట్టింగులో ఒక్కో మెయిల్‌కు 1,000 మంది గ్రహీతల దాకా ఒప్పుకుంటుంది. 60 మెయిళ్లంటే 60,000 మంది కావచ్చు. క్యూ మేనేజర్ రాసే వరుసలో సైజు పక్కనే ఎన్ఆర్‌సీపీటీ అని గ్రహీతల సంఖ్య ఉంటుంది. కలపాల్సింది దాన్ని.

ఖాతా దొరికాక పాస్‌వర్డ్ మార్చి చేతులు దులుపుకోవడం దగ్గరే అసలు పొరపాటు జరుగుతుంది. అప్పటికే లాగిన్ అయి తెరిచి ఉన్న ఎస్ఎంటీపీ (మెయిల్ పంపే) కనెక్షన్ మళ్లీ పాస్‌వర్డ్ అడగదు, తెగేదాకా పంపుతూనే ఉంటుంది. డవ్‌కాట్‌లో ఆథ్ క్యాష్ (సరిచూసిన పాస్‌వర్డులను కొంతసేపు గుర్తుంచుకునే చోటు) ఆన్ చేసి ఉంటే పాత పాస్‌వర్డ్ ఇంకొంతసేపు చెల్లవచ్చు. వెబ్‌మెయిల్ సెషన్ కూడా వెంటనే చచ్చిపోతుందన్న హామీ లేదు. అందుకని ముందు ఖాతాకు పంపే హక్కు తీసేసి, ఆథ్ క్యాష్ ఖాళీ చేసి, డవ్‌ఆడమ్ కిక్ కమాండ్‌తో ఐమ్యాప్ (మెయిల్ చదివే) సెషన్లు తెంపి, పోస్ట్‌ఫిక్స్‌ను ఒకసారి ఆపి తిరిగి లేపాలి. రౌండ్‌క్యూబ్ సెషన్ టేబుల్‌ను ఖాళీ చేయాలి. యాప్ పాస్‌వర్డులు ఉంటే వాటినీ రద్దు చేయాలి. కొత్త పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌బాక్సుకు పంపకూడదని వేరే చెప్పనక్కర్లేదు అనిపిస్తుంది గానీ, పంపినవాళ్లు ఉన్నారు.

తర్వాత ఆ మెయిల్‌బాక్సు లోపల రెండు చోట్లు చూడాలి. మొదటిది వచ్చిన మెయిల్‌ను దానంతటదే సర్దే సీవ్ ఫిల్టర్లు. బౌన్సులు యజమాని కంటపడకుండా నేరుగా చెత్తలోకి పోయేలా, లేదా వచ్చిన ప్రతి మెయిల్‌కూ ఒక నకలు బయటి చిరునామాకు పోయేలా దొంగ ఒక నియమం పెట్టిపోతాడు. పాస్‌వర్డ్ మారినా ఆ నియమం పనిచేస్తూనే ఉంటుంది. రెండోది రౌండ్‌క్యూబ్‌లోని ఐడెంటిటీలు. పంపేవారి పేరు, రిప్లై-టు, సంతకం మార్చి వదిలేసి ఉంటే ఆ ఉద్యోగి రేపు పంపే మంచి మెయిల్‌కు వచ్చే జవాబు దొంగకు చేరుతుంది.

క్యూలో మిగిలిన ఐదు రోజుల విషం

ఖాతా మూసేసినా సర్వర్ స్పామ్ పంపడం ఆపదు. జీమెయిల్, యాహూ తాత్కాలికంగా వాయిదా వేసిన మెయిళ్లన్నీ డిఫర్డ్ క్యూలో కూర్చుని ఉంటాయి. పోస్ట్‌ఫిక్స్ వాటిని మొదట 300 సెకన్లకు, తర్వాత విరామం పెంచుకుంటూ గరిష్ఠంగా 4,000 సెకన్లకోసారి మళ్లీ ప్రయత్నిస్తుంది. మార్చకపోతే ఈ ప్రయత్నం ఐదు రోజులు సాగుతుంది. మంగళవారం జాబితాలోంచి బయటపడ్డ ఐపీ బుధవారం మళ్లీ ఎక్కడానికి చాలాసార్లు ఇదే కారణం. కొత్త దాడి ఏదీ ఉండదు, ఆదివారం నాటి చెత్తే ఇంకా పోతూ ఉంటుంది.

కంగారులో క్యూ మొత్తం తుడిచేయడం కూడా తప్పే. అందులో ప్రిన్సిపాల్ యూనివర్సిటీకి రాసిన ఉత్తరం ఉండొచ్చు, ఆసుపత్రి పంపిన రిపోర్టు ఉండొచ్చు. క్యూను సర్దే పోస్ట్‌సూపర్ కమాండ్‌లో హోల్డ్ ఆప్షన్ ఉన్నది ఇందుకే. అది క్యూ మొత్తాన్ని పక్కన పెడుతుంది. ఏదీ చెరిగిపోదు, ఏదీ బయటికి వెళ్లదు, సాక్ష్యం చెడదు. అప్పుడు పోస్ట్‌క్యాట్‌తో నాలుగైదు మెయిళ్లు తెరిచి హెడర్లు, సబ్జెక్ట్, లింకులు చదవాలి. స్పామ్ గుర్తులు తెలిశాక వాటిని మాత్రమే తొలగించి మిగిలినవి బయటికి వదలాలి.

పంపేవారి చిరునామాను పట్టుకుని వడపోస్తే ఒక చిక్కు వస్తుంది. లాగిన్ అయిన ఖాతా ఇతర చిరునామాలతో పంపకుండా అడ్డుకునే నియమం చాలా సర్వర్లలో పెట్టి ఉండదు. దొంగ లాగిన్ అయ్యింది ‘అకౌంట్స్’ ఖాతాతో, కవరు మీద పంపేవారిగా రాసింది మాత్రం ప్రతి మెయిల్‌కూ కొత్త పేరు. అలాంటప్పుడు సాసల్ యూజర్‌నేమ్ ఉన్న లాగ్ వరుసల నుంచి క్యూ ఐడీలు ఏరి, ఆ ఐడీల జాబితానే పోస్ట్‌సూపర్‌కు ఇవ్వాలి. కవరు మీద పంపేవారి పేరే లేని మెయిళ్లు, అంటే స్పామ్ మీద సర్వర్ తయారుచేసిన బౌన్సులు, మరో గుట్టగా ఉంటాయి. వాటిని కూడా తొలగించాలి. దొంగ వాడిన చిరునామా ఎవరో అమాయకుడిదైతే ఆ బౌన్సులన్నీ అతని నెత్తిన పడతాయి. దాని మీద కూడా ఫిర్యాదులు వస్తాయి.

లాగ్‌లో సాసల్ పేరే కనిపించకపోతే దారి వేరు. లాగ్‌లోని పికప్ వరుసలో యూఐడీ (సర్వర్‌లోని ఖాతా సంఖ్య) 33 అని ఉంటే డెబియన్, ఉబుంటులలో అది వెబ్ సర్వర్ వాడే ఖాతా. మెయిల్ వెబ్‌సైట్‌లోని ఏదో పీహెచ్‌పీ స్క్రిప్టు నుంచి పోయిందన్నమాట. వర్డ్‌ప్రెస్ సైట్‌లో పాత ప్లగిన్, అప్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఎవరో పెట్టిపోయిన ఫైల్ ఇలాంటివి వెతకాలి. పీహెచ్‌పీలో మెయిల్ హెడర్ చేర్చే సెట్టింగు ఆన్‌లో ఉంటే ఏ స్క్రిప్టు పంపిందో మెయిల్ హెడర్‌లోనే రాసి ఉంటుంది.

దొరికిన ఖాతా ఒక్కటే కాదు

పాస్‌వర్డ్ బయటికి పోయే దారులు నాలుగైదే. ‘మీ మెయిల్‌బాక్స్ నిండిపోయింది, ఇక్కడ నొక్కండి’ అన్న దొంగ పేజీలో సొంతంగా టైప్ చేసి ఇవ్వడం, వేరే సైట్‌లో వాడిన పాస్‌వర్డే ఇక్కడా వాడటం, కంప్యూటర్‌లో చేరిన మాల్వేర్ బ్రౌజర్‌లో దాచినవన్నీ ఎత్తుకుపోవడం, సంస్థ పేరు పక్కన 123 చేర్చిన పాస్‌వర్డును ఊహించడం. మూడోదైతే ఆ కంప్యూటర్‌ను శుభ్రం చేయకుండా పాస్‌వర్డ్ మార్చడం దండగ. కొత్తదీ అదే దారిన పోతుంది.

స్పామ్ పంపిన ఖాతా కేవలం మొదట వాడినది కావచ్చు. దొంగలు దొరికిన పాస్‌వర్డులన్నీ ముందు ఐమ్యాప్‌లో లాగిన్ అయి పరీక్షించుకుని, పనిచేసేవి దాచుకుంటారు. అందుకని స్పామ్ పంపిన ఐపీల జాబితా తీసుకుని, గత నెల రోజుల డవ్‌కాట్ లాగ్‌లో అవే ఐపీల నుంచి ఇంకే ఖాతాలకు లాగిన్ విజయవంతమైందో వెతకాలి. ఒక్క మెయిల్ కూడా పంపకుండా నిద్రపోతున్న ఖాతాలు అలా బయటపడతాయి. ఈ పని వదిలేసినచోట పది రోజుల తర్వాత కథ మొదటికొస్తుంది.

వెబ్‌మెయిల్ ద్వారా పోయిన స్పామ్‌కు పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో క్లయింట్ ఐపీ 127.0.0.1 అని ఉంటుంది. అది సర్వర్ తనను తాను చూపుకునే చిరునామా, దేనికీ పనికిరాదు. రౌండ్‌క్యూబ్‌లో లాగిన్లను రాసే సెట్టింగు ఆన్ చేసి ఉంటేనే అసలు ఐపీ దొరుకుతుంది. లేకపోతే వెబ్ సర్వర్ యాక్సెస్ లాగ్‌లో సమయాలు సరిపోల్చుకుంటూ కూర్చోవాలి.

భారతదేశంలో ఉన్న సంస్థలకు ఇక్కడ చట్టపరమైన పని కూడా ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, అనుబంధంలో పేర్కొన్న రకం సైబర్ ఘటనలను గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి. మెయిల్ సర్వర్ల మీద దాడులు, కంప్యూటర్ వ్యవస్థల్లోకి అనధికార ప్రవేశం ఆ అనుబంధంలో ఉన్నాయి. లాగ్‌లు 180 రోజులు ఉంచాలన్నది కూడా అవే ఆదేశాల్లో ఉంది. లాగ్‌రొటేట్ నాలుగు వారాలకే పాతవి చెరిపేసేలా ఉన్న సర్వర్లు ఈ నియమానికే కాదు, పైన చెప్పిన నిద్రాణ ఖాతాల వెతుకులాటకు కూడా పనికిరావు.

జాబితాలు: ఎవరితో ఎలా మాట్లాడాలి

ఇప్పుడు జాబితాల దగ్గరికి వెళ్లొచ్చు. అన్నిటికన్నా బరువైనది స్పామ్‌హౌస్. దాని ఉమ్మడి జాబితా జెన్‌ను అడిగే పద్ధతి సులువు. ఐపీ 203.0.113.25 అనుకుంటే అంకెల గుంపులను తిరగేసి 25.113.0.203 చేసి, దాని చివర జెన్.స్పామ్‌హౌస్.ఆర్గ్ తగిలించి డీఎన్ఎస్‌లో (ఇంటర్నెట్ పేర్లకు చిరునామాలు చెప్పే వ్యవస్థలో) అడగాలి. జవాబు రాకపోతే జాబితాలో లేనట్టు. వస్తే ఆ జవాబే కారణం చెబుతుంది. 127.0.0.2 అంటే ఎస్బీఎల్, 127.0.0.3 అంటే సీఎస్ఎస్, 127.0.0.4 అంటే ఎక్స్‌బీఎల్, 127.0.0.10 లేదా 11 అంటే పీబీఎల్.

ఇక్కడ తరచూ జరిగే గందరగోళం ఒకటుంది. గూగుల్ 8.8.8.8 లాంటి బహిరంగ రిజాల్వర్ (డీఎన్ఎస్ ప్రశ్నలకు జవాబు తెచ్చే సర్వర్) ద్వారా అడిగితే 127.255.255.254 వస్తుంది. ఐపీ జాబితాలో ఉందని దాని అర్థం కాదు, ‘ఈ దారిన అడిగితే చెప్పం’ అని. ఏ ఐపీ అడిగినా అదే వస్తుంది. దాన్ని చూసి హడలిపోయేవారు కొందరైతే, తమ సర్వర్‌లో ఆ జవాబును స్పామ్ గుర్తుగా లెక్కపెట్టి వచ్చే మెయిలంతా తిప్పికొట్టేవారు మరికొందరు. సర్వర్‌లో సొంత అన్‌బౌండ్ రిజాల్వర్ పెట్టుకుంటే రెండు బాధలూ ఉండవు.

దొంగిలించిన ఖాతాల కేసుల్లో ఎక్కువగా తగిలేవి సీఎస్ఎస్ (స్పామ్ పంపుతున్నట్టు యంత్రం పట్టిన ఐపీలు), ఎక్స్‌బీఎల్ (మాల్వేర్ సోకిన ఐపీలు). ఈ రెంటికీ చెక్.స్పామ్‌హౌస్.ఆర్గ్‌లో తొలగింపు కోరవచ్చు. ఎస్బీఎల్ మనుషులు చూసి పెట్టే జాబితా. అందులో పడితే సర్వర్ యజమాని మాట చెల్లదు, ఐపీ ఏ నెట్‌వర్క్‌దో ఆ ఐఎస్పీ లేదా హోస్టింగ్ కంపెనీ అబ్యూజ్ విభాగమే అడగాలి. పీబీఎల్‌కు స్పామ్‌తో సంబంధం లేదు. నేరుగా మెయిల్ పంపకూడని ఐపీల పట్టిక అది. బ్రాడ్‌బ్యాండ్ స్టాటిక్ ఐపీ మీద సర్వర్ నడిపేవారికి అది ఎదురవుతుంది. డొమైన్‌ను డొమైన్ల జాబితా డీబీఎల్‌లో విడిగా చూడాలి.

మిగిలినవి వేగంగా చెప్పుకోవచ్చు. స్పామ్‌కాప్‌లో కొత్త ఫిర్యాదులు రాకపోతే చివరి ఫిర్యాదు నుంచి 24 గంటల్లో ఐపీ దానంతటదే పోతుంది, ఏమీ చేయనక్కర్లేదు. బరాకుడాకు ఫారం ఉంది, సాధారణంగా 12 గంటల్లో చూస్తామంటుంది. యూసీఈప్రొటెక్ట్ మొదటి స్థాయిలో ఏడు రోజులు స్పామ్ కనిపించకపోతే పేరు తీసేస్తుంది, తొందరగా తీయాలంటే డబ్బు అడుగుతుంది. కట్టొద్దు. దాని రెండు, మూడు స్థాయిలు పక్కింటివాడి తప్పుకు వీధంతా జరిమానా వేసే రకం, పెద్ద ప్రొవైడర్లు వాటిని ఆధారం చేసుకోవు. సోర్బ్స్ 2024 జూన్‌లో మూతపడింది. పాత చెకింగ్ సైట్ ఏదైనా ఇంకా దాని పేరు చూపిస్తుంటే పట్టించుకోనక్కర్లేదు.

తొలగింపు అభ్యర్థనలో రాయాల్సింది ఐదారు వాక్యాలు. ఏ ఐపీ, ఏ తేదీ ఏ సమయం నుంచి ఏ సమయం దాకా స్పామ్ పోయింది, కారణమేంటి, ఖాతా ఎప్పుడు మూశారు, క్యూ ఎప్పుడు ఖాళీ అయింది, మళ్లీ జరగకుండా ఏ పరిమితి పెట్టారు. సమయాలు యూటీసీలో రాస్తే చదివేవారికి పని తగ్గుతుంది. ‘మేం ఎప్పుడూ స్పామ్ పంపం, దయచేసి వెంటనే తీసేయండి, మా వ్యాపారం నష్టపోతోంది’ అన్న ఉత్తరానికి విలువ సున్నా. అవతలివారి దగ్గర ఆధారం ఉంది కాబట్టే పేరు జాబితాకెక్కింది.

జీమెయిల్, అవుట్‌లుక్, యాహూ

అసలు పోరు ఇక్కడ. పై జాబితాలన్నీ శుభ్రమైనా ఈ ముగ్గురి లోపలి లెక్కలు వేరుగా ఉంటాయి.

మైక్రోసాఫ్ట్‌కు రెండు తలుపులు ఉన్నాయి. అవుట్‌లుక్.కామ్, హాట్‌మెయిల్ చిరునామాల నుంచి వచ్చే 550 5.7.1 తిరస్కారంలో చివర ఎస్3140 లేదా ఎస్3150 అని ఉంటే వాటికి అవుట్‌లుక్.కామ్ పంపేవారి సహాయ ఫారం నింపాలి. కంపెనీల మైక్రోసాఫ్ట్ 365 చిరునామాల నుంచి 5.7.606, దాని తర్వాతి సంఖ్యలతో ‘నిషేధిత ఐపీ’ అని వస్తే సెండర్.ఆఫీస్.కామ్ పోర్టల్. ఒకదాని సమస్యకు రెండోదాంట్లో అడిగితే జవాబు ఉపయోగపడదు. అవుట్‌లుక్.కామ్ ఫారానికి మొదట వచ్చే జవాబు తరచూ యంత్రం ఇచ్చేదే, ‘ఈ ఐపీకి ఉపశమనానికి అర్హత లేదు’ అంటుంది. అక్కడ ఆగిపోనక్కర్లేదు. అదే టికెట్‌కు జవాబుగా, పైన చెప్పిన ఐదారు వాక్యాలు రాసి పరిశీలించమని అడిగితే మనిషి చూసే అవకాశం ఉంది. ఐపీల పరపతి చూపే మైక్రోసాఫ్ట్ సేవ ఎస్ఎన్‌డీఎస్‌లో ఐపీని నమోదు చేసుకుంటే రోజువారీ రంగు కనిపిస్తుంది. స్పామ్‌గా తేలినది 10 శాతం లోపైతే ఆకుపచ్చ, 90 శాతం దాటితే ఎరుపు, మధ్యలో పసుపు.

జీమెయిల్‌కు తొలగింపు అనే మాటే లేదు, ఎందుకంటే జాబితా అనేదే లేదు. 421 4.7.28 అంటూ వేగం తగ్గించమంటే తగ్గించడమే మందు. గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్‌లో డొమైన్‌ను డీఎన్ఎస్ టీఎక్స్‌టీ రికార్డుతో ధ్రువీకరించుకుంటే స్పామ్ ఫిర్యాదుల శాతం కనిపిస్తుంది. గూగుల్ గీసిన గీత ఇది: 0.10 శాతం లోపు ఉంచాలి, 0.30 శాతాన్ని ఎప్పుడూ తాకకూడదు. రోజుకు జీమెయిల్‌కు 200 మెయిళ్లు పంపే చిన్న సర్వర్‌కు ఆ పేజీలో చాలాసార్లు ఏమీ కనిపించదు, డేటా చాలదు. అలాంటివారికి లాగే అద్దం. నిన్న జీమెయిల్‌కు వెళ్లినవాటిలో 250 (తీసుకున్నవి) ఎన్ని, 421 (వాయిదా వేసినవి) ఎన్ని, 550 (తిరస్కరించినవి) ఎన్ని అని రోజూ మూడు సంఖ్యలు రాసుకుంటే చాలు.

యాహూ టీఎస్ఎస్04 అంటూ వాయిదా వేస్తే కారణం హఠాత్తుగా పెరిగిన సంఖ్య లేదా వాడుకరుల ఫిర్యాదులు. అదీ తగ్గించి ఓపిక పడితే సర్దుకునేదే. వాడుకరుల ఫిర్యాదులను పంపినవారికి తెలిపే యాహూ ఫీడ్‌బ్యాక్ లూప్ డీకిమ్ డొమైన్ ఆధారంగా నడుస్తుంది కాబట్టి ఒకసారి నమోదు చేసుకుంటే ఐపీ మారినా పనిచేస్తుంది.

వేగం తగ్గించడం అంటే పోస్ట్‌ఫిక్స్‌లో ఈ ముగ్గురికీ వేరే ట్రాన్స్‌పోర్ట్ (మెయిల్ పంపే దారి) పెట్టడం. మాస్టర్ ఫైల్‌లో ఎస్ఎంటీపీకి ఒక నకలు వరుస చేర్చి, ట్రాన్స్‌పోర్ట్ మ్యాప్‌లో జీమెయిల్, అవుట్‌లుక్, హాట్‌మెయిల్, యాహూలను దానికి మళ్లించి, ఒకేసారి తెరిచే కనెక్షన్లను మామూలు 20 నుంచి 2కు దించాలి. 421లు ఇంకా వస్తుంటే రేట్ డిలే (రెండు మెయిళ్ల మధ్య విరామం) 1 సెకను పెట్టాలి. డిలే పెడితే ఆ గమ్యానికి మెయిళ్లు ఒకదాని తర్వాత ఒకటే వెళతాయని గుర్తుంచుకోవాలి. గంటకు 3,600కు మించవు, చిన్న సంస్థకు అది ఎక్కువే. ఈ రోజుల్లో న్యూస్‌లెటర్లు, పండగ శుభాకాంక్షలు, ఫీజు గడువు మూకుమ్మడి మెయిళ్లు పూర్తిగా ఆపాలి. మనుషులు మనుషులకు రాసుకునే, జవాబులు వచ్చే మెయిలే పరపతిని లేపుతుంది.

ఆగలేని మెయిల్ ఉంటే, పరీక్షల సమాచారమో జీతాల స్లిప్పులో, దాన్ని మాత్రం కొన్నాళ్లు డబ్బు తీసుకుని ఇతరుల తరఫున మెయిల్ పంపే రిలే సర్వీసు ద్వారా పంపవచ్చు. ఎస్పీఎఫ్‌లో వారిని చేర్చేటప్పుడు డీఎన్ఎస్ లుకప్‌లు 10 దాటకుండా చూసుకోవాలి, దాటితే ఎస్పీఎఫ్ మొత్తం చెల్లకుండా పోతుంది. ఖాతాలు శుభ్రం కాకముందే రిలేకు మారితే ఒక్క పేరు చెడేచోట రెండు పేర్లు చెడతాయి.

రెండు వారాలైనా పేరు రాకపోతే

అన్నీ చేసినా జీమెయిల్ స్పామ్ ఫోల్డర్‌లోనే పడుతుంటే మొదటి అనుమానం ఫార్వర్డింగ్ మీద పడాలి. కాలేజీ మెయిల్ చూడటం విసుగని సగం మంది సిబ్బంది తమ మెయిలంతా సొంత జీమెయిల్‌కు మళ్లించుకుని ఉంటారు. వారికి వచ్చే స్పామ్ కూడా ఈ సర్వర్ చేతుల మీదుగానే జీమెయిల్‌కు వెళుతుంది. అక్కడ వారు స్పామ్ బటన్ నొక్కితే దెబ్బ తగిలేది ఈ ఐపీకి. స్పామ్ అనిపించినదాన్ని ఫార్వర్డ్ కాకుండా ఆపాలి, లేదా ఫార్వర్డింగే మాన్పించాలి. రెండోది మంచిది, కానీ స్టాఫ్ రూమ్‌లో అంత తేలిగ్గా ఒప్పుకోరు.

రెండో అనుమానం ఐపీవీ6 (కొత్త తరం ఐపీ చిరునామా). సర్వర్‌కు ఆ చిరునామా కూడా ఉంటే జీమెయిల్‌కు మెయిల్ ఆ దారిన పోతుండవచ్చు. పీటీఆర్ (ఐపీకి పేరు చెప్పే డీఎన్ఎస్ రికార్డు) లేని ఐపీవీ6 నుంచి వచ్చే మెయిల్‌ను జీమెయిల్ ఒప్పుకోదు. స్పామ్‌హౌస్ ఐపీవీ6లో /64 (ఒకే నెట్‌వర్క్‌లోని చిరునామాల గుంపు) మొత్తాన్ని ఒకటిగా చూస్తుంది, అంటే అదే /64లో ఉన్న మరో సర్వర్ తప్పు కూడా ఇక్కడికే అంటుకుంటుంది. ఐపీవీ4కైనా పీటీఆర్ పేరు తిరిగి అదే ఐపీకి రావాలి, హెలో పేరు (కనెక్షన్ మొదట్లో సర్వర్ చెప్పుకునే పేరు) కూడా అదే ఉండాలి.

మూడోది అరుదు, తెలిసినవారూ తక్కువ. డీకిమ్ సంతకం మెయిల్ లోపలి హెడర్లనూ పాఠాన్నీ కాపాడుతుంది, కవరు మీది గ్రహీతను కాదు. స్పామర్ ఈ సర్వర్ సంతకం చేసిన ఒక్క మెయిల్ దాచుకుని, దాన్నే వేరే ఐపీల నుంచి లక్షమందికి పంపగలడు. సంతకం చెల్లుతూనే ఉంటుంది, డొమైన్ పరపతి పోతూనే ఉంటుంది. మెయిల్ అందుకున్న ప్రొవైడర్లు పంపే డీమార్క్ నివేదికల్లో తెలియని ఐపీల నుంచి డీకిమ్ పాస్, ఎస్పీఎఫ్ ఫెయిల్ పెద్ద సంఖ్యలో కనిపిస్తే దీన్ని అనుమానించాలి. మామూలు ఫార్వర్డింగ్ కూడా అలాగే కనిపిస్తుంది కాబట్టి సంఖ్య చూసి తేల్చుకోవాలి. మందు: కొత్త సెలెక్టర్‌తో (డీకిమ్ కీకి పెట్టే పేరుతో) కొత్త కీ పెట్టి, పాత మెయిళ్లు దారిలో లేవని తేలాక పాత పబ్లిక్ కీని డీఎన్ఎస్ నుంచి తీసేయడం.

పరిమితి పెట్టడం, పనిచేస్తుందో లేదో చూడటం

పోస్ట్‌ఫిక్స్‌లో క్లయింట్ మెసేజ్ రేట్ లిమిట్ మామూలుగా 0, అంటే హద్దు లేదు. హద్దు పెట్టినా అది ఐపీకే. 300 ఐపీల నుంచి పంచుకుని వచ్చే దొంగను అది ఆపదు. పైగా మైనెట్‌వర్క్స్‌లో (సొంతమని నమ్మే ఐపీల జాబితాలో) ఉన్న ఐపీలకు దాన్నుంచి మినహాయింపు ఉంటుంది. కావాల్సింది ఖాతాకు హద్దు. పోస్ట్‌ఎఫ్‌డబ్ల్యూడీ, పాలసీడీ, ఆర్‌స్పామ్‌డీ అనే ప్రోగ్రాముల్లో ఏదైనా ఆ పని చేస్తుంది. మామూలు ఉద్యోగికి గంటకు 100 మంది, రోజుకు 500 మంది గ్రహీతలు సమంజసం. అడ్మిషన్ల సమయంలో మించే సెక్షన్‌కు ముందుగా అడిగి పెంచుకునే వీలు ఇవ్వాలి. గ్రహీతలను లెక్కించే నియమాన్ని డేటా దశలోనో (మెయిల్ పాఠం మొదలయ్యేచోట), మెయిల్ ముగిసే దశలోనో పెట్టాలి. అంతకుముందు దశల్లో పోస్ట్‌ఫిక్స్ ఇచ్చే గ్రహీతల సంఖ్య సున్నాగానే ఉంటుంది, నియమం ఉన్నా ఎప్పటికీ తగలదు.

రౌండ్‌క్యూబ్ పాత అలవాటుగా లోకల్‌హోస్ట్ (అదే సర్వర్) 25 పోర్టుకు లాగిన్ లేకుండా మెయిల్ అప్పగిస్తుంటే ఈ హద్దులన్నీ వృథా. అక్కడ ఖాతా పేరే ఉండదు. దాన్ని 587 పోర్టుకు మార్చి, వాడుకరి పాస్‌వర్డ్‌తోనే లాగిన్ అయ్యేలా పెట్టాలి. 25 పోర్టులో సాసల్ లాగిన్ పూర్తిగా తీసేయాలి.

హద్దు పెట్టాక దాన్ని పరీక్షించకుండా వదిలేయకూడదు. ఒక టెస్ట్ ఖాతా తీసుకుని, సొంత డొమైన్‌లోనే 101 మారుపేర్లు సృష్టించి, వాటన్నిటికీ ఒకే మెయిల్ పంపాలి. తిరస్కరించిందా, లాగ్‌లో ఖాతా పేరుతో రాసిందా, అడ్మిన్‌కు హెచ్చరిక వచ్చిందా అని చూడాలి. ఆ హెచ్చరిక ఎస్సెమ్మెస్‌గానో టెలిగ్రామ్‌లోనో రావాలి తప్ప ఇదే సర్వర్ నుంచి అడ్మిన్ జీమెయిల్‌కు కాదు. స్పామ్ పోతున్న రాత్రి ఆ హెచ్చరిక మెయిల్ అదే డిఫర్డ్ క్యూలో, 40,000 మెయిళ్ల వెనకాల నిలబడి ఉంటుంది.